నంబరు ప్లేటు వెనుక రబ్బరు

మైనింగు డబ్బు పారిన రోజుల్లో బళ్లారిలో నా కారుకు బేస్ దరువు పెంచే సబ్‌వూఫర్ స్పీకరు బిగించిన మేస్త్రీ నకిలీ సరుకు అమ్మాడని ఊరంతా చెప్పింది నేనే. అది అబద్ధం.

పాట పెట్టి, బండి ఒళ్లంతా అరచేత్తో తడిమి, అదిరిన చోటల్లా రబ్బరు వేయడం ఆయన అలవాటు. నంబరు ప్లేటు వెనుకా వేశాడు. దడదడ ఆగిపోయింది. బయటికి మోతే లేదని నా స్నేహితులు నవ్వారు.

"ఏందప్పా, డూప్లికేట్ వేసినావా? సండూరు గనులోళ్ల బండ్లు వీధి చివరుండంగానే మోగతాండాయి!" అన్నాను.

"అది రేకు మోతప్పా. బేస్ లోపల కూర్చుంటే తెలుస్తాది, రా."

నేను కూర్చోలేదు, బయటికి మోగాల్సిందేనన్నాను. ఆయన రబ్బరు పీకేశాడు. రేకు మోత తప్ప ఏమీ పెరగలేదు. అది తెలిసీ, స్నేహితుల ముందు తగ్గలేక, డూప్లికేటేనని అందరికీ చెప్పాను.

బేరాలు పోయి అంగడి ఖాళీ చేస్తున్న రోజు ఆయన నన్ను చూసి, "బండి బాగుండాదా అప్పా?" అని అడిగాడు.

బాగుందని చెప్పి వచ్చేశాను.