విమానాన్ని ఆపిన మోకాలు

విమానం ఎందుకు లేటయిందో లోపల కూసున్నోళ్లకు నిజం ఎవ్వరూ చెప్పరు. మబ్బులంటరు, మంచంటరు, ఢిల్లీల రష్షంటరు. నేను చెప్పబోయే దినం నాడు మబ్బు లేదు, మంచు లేదు, ఢిల్లీతోని మాకు పనే లేదు. శంషాబాద్ల ఎండ మాడు పగులగొడ్తున్నది. నిండ జనం ఎక్కి కూసున్న విమానం కదలకుంట నిలవడ్డదంటే, దానికి కారణం నా ఎడమ మోకాలు. నవ్వుకోండ్రి, నాకేం కాదు. మా ఇంట్ల ఇప్పటికీ నవ్వుతనే ఉన్నరు.

నా పేరు మల్లేశ్. మాది తొండుపల్లి. వయసుల ఉన్నప్పుడు కాటేదాన్ ఫ్యాక్టరీలల్ల బస్తాలు మోసిన. తర్వాత ఎయిర్‌పోర్టుల లోడరుగ చేరిన. లోడరంటే, మీరు కౌంటర్ల ఇచ్చిన బ్యాగులను తీస్కపోయి విమానం పొట్టల సర్దెటోడు. చిన్న విమానాల పొట్టల మనిషి నిలవడనీకె జాగ ఉండదు. లోపలికి పాకాలె, మోకాళ్ల మీద కూసోవాలె, బెల్టు మీద వచ్చిన బ్యాగు అందుకోవాలె, పక్కకు తిరిగి గోడ కట్టినట్టు పేర్చాలె. కొత్తల అది నాకు ఆట. నలభై దాటినంక అది శిక్ష. చిన్నప్పుడు లెక్కలు రాకపోతే పంతులు మోకాళ్ల మీద కూసోవెట్టెటోడు. ఆయన నయం, గంట కొడితే లేవమనెటోడు.

నా మోకాలి సంగతేందంటే, కూసుంటే లెవ్వదు, లేస్తే కూసోదు. మెట్లు దిగుతుంటే లోపల పల్లికాయలు వొలిచినట్టు సప్పుడు. మా ఆమె యాదమ్మ దినాం ఒకటే పాట.

"ఏందయ్యా, నొప్పున్నదని మీ సారుకు చెప్పరాదు?"

"చెప్తే ఇంటికి పంపుతరే పిచ్చిదానా. బరువులు మోసెటోడు నొప్పి అన్నడంటే ఇగ వాడు దేనికి పనికొస్తడు?"

నాకు నిజంగనే భయం. ఇల్లు నడిచేది నా మెడల యాలాడే ఆ గేటు పాసు మీదనే. పెద్దబిడ్డ నర్సింగు చదువుతున్నది. పాసు పోయిందంటే మళ్ల కాటేదాన్ల బస్తాల కిందికి పోవాలె. ఈ మోకాలితోని అది సుత అయ్యే పని కాదు.

మా సూపర్‌వైజరు మూర్తి సారు రాజమండ్రి దిక్కు మనిషి. తిట్టినా 'గారు' పెట్టి తిడ్తడు. ఒకనాడు పొద్దుగాల డ్యూటీ ఎక్కేముందు అందరిని వరుసల నిలవెట్టిండు.

"మీలో ఎవరికైనా మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులు ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. ఎందుకు అడుగుతున్నానంటే..."

ఎందుకు అడుగుతున్నడో వినాల్నా వద్దా? తెలివున్నోడైతే వింటడు. ఏరిపారేసేటందుకే అడుగుతున్నడని నాకు నేనే ఖాయం చేసుకున్న. నా పక్కన నిలవడ్డ సత్తయ్య, నాతోని కాటేదాన్ నుంచి ఉన్న దోస్తు, కుంటుకుంట ముందుకు పోయిండు.

"నాకున్నది సార్. రెండు మోకాళ్లు ఖతమైనయి."

అయ్యో సత్తయ్యా, నీ నోట్ల మన్నువడ, అని లోపల్లోపల మొత్తుకున్న. ఒకడుగు ముందుకేసిన.

"సార్! నాకేం లేదు సార్! చూడుండ్రి!"

అని చెవులు పట్టుకొని గుంజీలు సురువు చేసిన. అవును, గుంజీలే. ఎవ్వరూ తియ్యమనలే. మొదటి రెండు మంచిగనే అయినయి. ఆ తర్వాత కండ్లల్ల చుక్కలు కనవడ్డయి. అయినా నేను ఆపలే, ఎందుకంటే అందరు చప్పట్లు కొడ్తున్నరు. చప్పట్లు వింటే నాకు మతి ఉండదు. సారు "బాగుంది మల్లేశ్ గారూ, చాలు, చాలు" అన్నడు. నేనేమో గెలిచిన అనుకున్న.

మాపటికి మోకాలు వాచి సొరకాయంత అయింది. తెల్లారి నుంచి సత్తయ్య వరుసల కనవడ్తలేడు. ఒక దినం చూసిన, రెండు దినాలు చూసిన, లేడు. ఫోను చేస్తే స్విచాఫ్. చూసినవా, పంపేసిండ్రు, నేనే హుషారున్న, అని యాదమ్మకు చెప్పిన. చెప్పుకుంటనే మోకాలి మీద వేణ్నీళ్ల కాపడం పెట్టిచ్చుకున్న.

నా అవస్థ చూడలేక యాదమ్మ మామిడిపల్లి దిక్కు ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి పోయి ఒక నూనె సీస తెచ్చింది. నల్లటి నూనె. మూత తీస్తే ముక్కుల నుంచి సక్కగ నెత్తికెక్కుతది. ఎల్లిపాయ, వాము, కర్పూరం, ఇంకా ఏమేం కలిపిండో ఆ పహిల్వాన్‌కే ఎరుక.

"పండుకునేముందు నాలుగు చుక్కలు రాయాల్నట. పొద్దుగాల సబ్బుతోని కడుక్కోవాల్నట. ఎక్కువ రాయొద్దన్నడు."

"సరే సరే" అన్న. నాలుగు చుక్కలకు నాలుగు దినాల్ల తగ్గితే, సీస మొత్తానికి ఒక్క దినంల తగ్గాలె గద? గిది నా లెక్క. పంతులు ఊకెనే మోకాళ్ల మీద కూసోవెట్టలే నన్ను. పొద్దుగాల డ్యూటీకి పోయేముందు దూదిని నూనెల ముంచి, మోకాలికి చుట్టి, మీదికెల్లి గుడ్డ పట్టీ కట్టి, ప్యాంటు ఏసుకున్న. చల్లగ, హాయిగ ఉన్నది. బస్సుల నా పక్క సీటు ఖాళీగనే ఉన్నది. అదృష్టమనుకున్న.

ఆ దినం నాకు దుబాయ్ పోయే విమానం మీద డ్యూటీ పడ్డది. పొట్టల నేను, నర్సింలు. ఇద్దరం చెరో దిక్కు. లోపల పొయ్యి మీద పెనం లెక్క కాగుతున్నది. పట్టీ జారుతుంటే మాటిమాటికి చేత్తోని ఎగదోసుకుంటున్న, అదే చేత్తోని బ్యాగులు సర్దుతున్న. సగం పని అయినంక నర్సింలు ముక్కు మూసుకున్నడు.

"మల్లన్నా, ఏందో వాసనొస్తున్నది. కండ్లు మండుతున్నయి."

నాకు ఏ వాసనా రాలే. పొద్దుగాల నుంచి దాంట్లనే ఉన్నోనికి ఏమొస్తది? కానీ ట్రైనింగుల చెప్పింది యాదికొచ్చింది. సామానుల నుంచి ఘాటు వాసనొస్తే ఎంబడే చెప్పాలె, మందో యాసిడో లీకైనట్టు. హుషారుగ ఉన్ననని సారుకు చూపెట్టనీకె ఇంతకంటె మంచి మోక దొరుకుతదా? తలకాయ బయటవెట్టి ఒర్రిన.

"సార్! లీకు! లోపల లీకు సార్!"

ఇగ చూడు తమాష. సారు ఉరికొచ్చిండు, సెక్యూరిటోళ్లు ఉరికొచ్చిండ్రు, ఫైరు బండి వచ్చి నిలవడ్డది. మీద కిటికీలల్ల జనం ముఖాలు అద్దానికి ఆనిచ్చి చూస్తున్నరు. సర్దిన సామానంత కిందికి దించమన్నరు. దించెటోడు ఎవడు? నేనే. దించిన బ్యాగునల్లా సారు, సెక్యూరిటోళ్లు వాసన చూసుడు.

"దీనికొస్తుంది."

"దీనికి కూడా."

"ఇదేంటండీ, దీనికీ వస్తుంది!"

నా చెయ్యి తగిలిన బ్యాగులన్ని వాసనే. నర్సింలు సర్దిన దిక్కు ఒక్కదానికి లేదు. అప్పటికైనా నాకు ఎలగాలె గద? ఎలగలే. నేను సుత శ్రద్ధగ ఒక బ్యాగు ముందల మోకాలేసి వంగి ముక్కు పెట్టిన. ముక్కు బ్యాగుకంటె ముందు నా మోకాలి దగ్గరికి వొయింది. గప్పుడు ఎలిగింది.

చెప్పాల్నా, వద్దా? చెప్తే నొప్పి సంగతి బయటపడ్తది, సత్తయ్య లెక్కనే నేను సుత గాయబ్. చెప్పకపోతే? ఇంకాసేపటికి వాసన దానంతట అదే పోతదేమో. నోరు మూసుకొని నిలవడ్డ.

ఇంతల సెక్యూరిటాయన తాడు కట్టిన ఒక అట్టడబ్బ పక్కకు తీసిండు. ఆ డబ్బకు నా చెయ్యి మస్తు గట్టిగ తగిలినట్టున్నది, గుమగుమలాడుతున్నది. మీద నూనె మరక.

"ఇదే అనుకుంటాను. ఇందులో పచ్చడి సీసా ఉన్నట్టుంది. దీన్ని దించేసి మిగతావి ఎక్కించండి" అన్నడు సారు.

డబ్బ మీద స్కెచ్చు పెన్నుతోని వంకర టింకరగ ఒక పేరు, కింద దుబాయ్ అని రాసున్నది. ఎవలో ఇల్లాలు కట్టిన డబ్బ. మా తమ్ముడు దుబాయ్‌ల ఉన్న రోజులల్ల మా అమ్మ గిట్లనే కట్టెటిది, తాడు తెగుతదని రెండుసార్లు ముడేసెటిది. అక్కడ దిగినోడు ఈ డబ్బ కోసం బెల్టు చుట్టు తిరుగుతుంటడని తల్చుకుంటే నాకు పాణం తరుక్కుపోయింది. నా తప్పుకు వాని పచ్చడి ఎందుకు దిగాలె?

"సార్... డబ్బ దించకుండ్రి. లీకైంది పచ్చడి కాదు. నా మోకాలు."

"ఏమిటీ?"

ప్యాంటు మీదికి గుంజిన. పట్టీ విప్పిన. సెక్యూరిటాయన రెండడుగులు ఎనకకు పోయిండు. నర్సింలు నవ్వి నవ్వి ట్రాలీ మీద పడ్డడు. మూర్తి సారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని, నా మోకాలు దిక్కు, ఫైరు బండి దిక్కు, విమానం దిక్కు చూసిండు.

"సామాను ఎక్కించి, వచ్చి నా గదిలో కనబడండి మల్లేశ్ గారూ."

డబ్బతో సహా అన్ని ఎక్కిచ్చిన. విమానం ఎగిరింది. మెడల పాసు తీసి చేతుల పట్టుకొనే సారు గదిలకు పోయిన.

"సార్, తప్పయింది. నొప్పి మస్తు రోజులసంది ఉన్నది. చెప్తే పంపేస్తరని దాచిన."

సారు నెత్తి కొట్టుకున్నడు.

"ఆ రోజు నన్ను మాట పూర్తి చేయనిచ్చారా మీరు? ట్రాలీలు లాగే ట్రాక్టరు మీద డ్రైవరు సీటు ఖాళీ అయింది. కూర్చుని చేసే పని. మోకాళ్లు అరిగిన సీనియర్‌కి ఇద్దామని అడిగాను. మీకు ట్రాక్టరు నడపడం వచ్చని తెలిసి, అసలు మీకే ఇద్దామనుకున్నాను. మీరేమో గుంజీలు తీశారు!"

కిటికీల నుంచి బయటికి చూసిన. ట్రైనింగు నుంచి అప్పుడే వచ్చినట్టున్నడు, మా సత్తయ్య, నల్లద్దాలు పెట్టుకొని, ట్రాక్టరు మీద కాళ్లు సాపుకొని, పెండ్లికొడుకు లెక్క పోతున్నడు. నన్ను చూసి బండి ఆపిండు.

"ఏం మల్లన్నా, నీకేం లేదంట గద! అదృష్టవంతునివి రా బై!"

సారు పాసు గుంజుకోలే. పొట్టలకు పాకకుంట కింద బెల్టు కాడ నిలవడే పని ఇచ్చిండు, ఇంకో సీటు ఖాళీ అయ్యేదాక. ఆ సీటు కోసం ఏడాదిన్నర నిలవడ్డ. ఇప్పుడు నేను సుత ట్రాక్టరు మీదనే ఉన్న. మోకాలు అట్లనే ఉన్నది, కానీ దాన్ని దాచుకునే పని తప్పింది.

ఆ పహిల్వాన్ నూనె సాక్షిగ, నా ఎడమ మోకాలి మీద చెయ్యేసి ఒట్టేస్తున్న. ఇగ నా జన్మల ఏ సారు ముందల గుంజీలు తియ్య. సారు మాట మొత్తం అయ్యేదాక నోరు తెరువ. ఎవ్వరన్న నొప్పులున్నయా అని అడిగితే మాత్రం, నొప్పి లేని కాలు సుత ముందల పెట్టి, ఉన్నది సార్ అనే చెప్త.