ఇద్దరి పేరునా ఒక క్వార్టరు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, భిలాయిలో మా తెలుగువాళ్లకి పెళ్లికూతురు దొరికినంత తేలిగ్గా క్వార్టరు దొరికేది కాదు. స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టు డ్యూటీ చేస్తూ, హాస్టల్లో ఒకే గదిలో నలుగురం సర్దుకుంటున్న కాలంలో ఆ ఊళ్లోనే రిసాలిలో ఉండే మా పిన్ని నాకో సంబంధం చూసింది. అమ్మాయిది విజయనగరం. ప్లాంటు ఆసుపత్రిలో నర్సు, సర్వీసులో నాకన్నా రెండేళ్లు సీనియరు (ఆ సంగతి నేను మరిచిపోయినా ఆవిడ మరిచిపోలేదు). భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇద్దరి సర్వీసూ కలిపి లెక్కేసి ఇల్లిస్తారని తెలిసిన రోజున ఆవిడ మీద నా ప్రేమ హఠాత్తుగా రెట్టింపయింది. పెళ్లికింకా మూడు నెలలున్నా, రుజువు కోసం ఓ పాతిక శుభలేఖలు ముందే అచ్చు వేయించాను. నాలుగు మూలలా పసుపు రాసిన మొదటి శుభలేఖ దేవుడి దగ్గర పెట్టాలి కదా, నేను దాన్ని దరఖాస్తుకి గుచ్చి క్వార్టర్లాఫీసు హెడ్ గుమాస్తా చేతిలో పెట్టాను. అందరూ బడేబాబు అని పిలిచే ఆయనకి తెలుగు రాదు గానీ పసుపు అర్థమైంది. కళ్లకద్దుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. నెల తిరక్కుండా మరోదా సెక్టారులో రెండు గదుల క్వార్టరు మా ఇద్దరి పేరునా వచ్చేసింది.

హాస్టలు ఖాళీ చేసి నేను అందులో చేరిన వారమే మా అమ్మ ఉత్తరం రాసింది, కోడలు పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తే బాగుంటుందని. అలాగేనని తిరుగు టపాలో జవాబు రాసేశాను. పెళ్లికూతుర్ని అడగాలని నాకు తోచలేదు. ఆవిడ ఉద్యోగం మానితే ఆ ఇల్లు కూడా పోతుందనీ తోచలేదు (డిప్లొమాలో ఇలాంటివి చెప్పరు). కబురు పిన్ని ద్వారా ఆవిడకి చేరింది, పిన్ని ద్వారానే నిశ్చితార్థం ఉంగరం నాకు తిరిగొచ్చింది.

పెళ్లి రద్దవడానికి ఉంగరం చాలింది గానీ క్వార్టరుకి అది చాలలేదు. పేర్లు విడగొట్టాలంటే ఇద్దరూ బడేబాబు ఎదుట ఒకేసారి సంతకాలు చేయాలి. చేస్తే సర్వీసు ఎక్కువున్న ఆవిడకి ఇల్లు, నాకు మళ్లీ హాస్టలు. నేను కుమిలిపోయింది ఇంటి కోసం కాదు. మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్న కాగితం లోకంలో అదొక్కటే మిగిలింది (చేతిలో ఉన్న శుభలేఖలన్నీ పిన్ని పొయ్యిలో పెట్టేసింది). సంతకం పెట్టకుండా లాక్కొస్తే ఏనాటికైనా ఆవిడ మనసు మారుతుందని నా మొండి నమ్మకం. ఆవిడ ఆఫీసుకి రమ్మని కబురుపెట్టిన ప్రతిసారీ, ఆఫీసు వేళకి దొరక్కూడదని, తోటివాళ్ల కాళ్లావేళ్లా పడి పగటి డ్యూటీకి మార్చుకునేవాణ్ణి. అలా ఐదు నెలలు. చాప మీద కూర్చుని ఒక్కడికే అన్నం వండుకుని, తినబుద్ధి కాక గిన్నెలోకి చూస్తూ ఉండేవాణ్ణి. దుల్హన్, అంటే పెళ్లికూతురు, ఎప్పుడొస్తుందని పక్కింటి భాభీ అడిగితే ఊరెళ్లిందని చెప్పాను. అప్పటికి దుల్హన్ రెండు కిలోమీటర్ల దూరంలో నర్సుల హాస్టల్లో సుఖంగా ఉంది. ఒక్క బడేబాబు మాత్రం నా పక్షం. కార్డు అచ్చయ్యాక పెళ్లి ఆగడమేమిటి, "మాన్ జాయేగీ", ఒప్పుకుంటుందిలే అని ధైర్యం చెప్పేవాడు. ఆ ఒక్క మాట వినడానికి వారానికోసారి ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అలాగే వెళితే ఆయన ఎదుటి కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా తెల్లచీరలోనే ఉంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏటండీ మీరు," అంది, గొంతు పెంచకుండానే. "ఈ కాయితం మీద సంతకం పెట్టకపోతే నేను మీ ఇంటికొచ్చీస్తాననుకుంటన్నారా?"

అవునని చెప్పడానికి సిగ్గేసి బల్ల మీది ఫైలు కేసి చూశాను.

"క్వార్టరుకి నా సంతకం కావాలని మూడుసార్లు హాస్టలుకొచ్చి అడిగేరు. నా ఉజ్జోగం మానిపించడానికి మాత్రం ఒక్కసారీ అడగలేదు."

తెలుగు రాని బడేబాబు కూడా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తల దించుకున్నాడు. నాకింక దిక్కు తోచలేదు. సంతకం పెట్టాను. ఇంటిపేరు గీత దాటిపోయింది. నా జీవితం ఇక్కడితో సరి అని నిజంగానే అనుకున్నాను.

బయటికొచ్చి తాళంచెవి ఆవిడకిచ్చాను. తీసుకుని రెండడుగులు వేసి ఆగింది. నీళ్లు ఎన్నింటికొస్తాయని అడిగింది. చెప్పాను. పొద్దున ఆరింటికి అరగంటే వస్తాయని, వంటింటి కిటికీ రెక్క కాస్త పైకెత్తి లాగాలని, వానొస్తే వెనకగది మూల కారుతుందని. ఆవిడ అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. అంతసేపు మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. చివరికి, మంచం ఎటువైపు వేసుకుంటే మీకు బాగుంటుందని అడిగాను. కిటికీ పక్కన, అంది ఆవిడ. ఆవిడకేది ఇష్టమో నేను అడగడం అదే మొదటిసారి. ఆ సంగతి మా ఇద్దరికీ ఒకేసారి తెలిసిందనుకుంటాను. ఆవిడ మరేమీ అడగకుండా వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి మరో సంబంధం కుదిరి నాకు పెళ్లయింది. ఇప్పుడు రిటైరై పొద్దున్నే టీ నేనే పెడుతున్నాను. పంచదార ఎంత వేయమంటావని మా ఆవిడని రోజూ అడుగుతాను. ఇన్నేళ్లయినా తెలీదా అని ఆవిడ రోజూ విసుక్కుంటుంది. తెలుసు. అయినా నవ్వుకుంటూ అడుగుతాను.