బిట్‌కాయిన్‌తో ఆర్మూర్ బేరం

2024 జనవరిలో నన్ను మా బ్యాంకు ఆర్మూర్ శాఖకు మేనేజరుగా వేశారు. స్కేల్-టూ హోదా, అంటే మధ్యస్థాయి అధికారి. అదే నా ఆఖరి పోస్టింగ్. పసుపు తవ్వకాల రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్నవాడికి వేడి టీ తాగే యోగం ఉండదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం లింబాద్రి అనే ఖాతాదారు వచ్చి, తన డబ్బు మేమే ఆపామన్నాడు. దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి తిరిగొచ్చి పసుపు వేసిన మనిషి. అక్కడుండగా కొంత బిట్‌కాయిన్ కొని ఫోన్‌లో దాచుకున్నాడట. తవ్విన పసుపు కుప్ప పోసి ఉంది. త్వరగా ఉడకబెట్టకపోతే సరుకు చెడిపోతుంది. అందుకు బయానా ఇచ్చిన బాయిలర్‌కు మిగతా సొమ్ము ఆ సాయంత్రంలోగా కట్టకపోతే డీలరు దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అందుకని ముందురోజే బిట్‌కాయిన్‌ను ఒక కంపెనీకి అమ్మకానికి పంపాడు. వాళ్లు రూపాయలు మా శాఖలోని ఖాతాకు వేయాలి.

"నా ఫోన్ల నుంచి పోయినయి సార్. గా కంపెనీకి చేరలేదంటున్నరు. నడుమల ఎవరు పట్టుకున్నరు?"

నడుమ ఎవరూ ఉండరు, దాని పద్ధతే అది అన్నాను. ఈ సంగతి మీద నేను కొంత చదువుకున్నాను, చెప్పే అవకాశం దొరికితే వదిలే రకాన్ని కాదు. మా ఖాతాల లెక్క మా బ్యాంకు దగ్గరే ఉంటుంది. బిట్‌కాయిన్ లెక్క మాత్రం ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ఎవరు పంపినా ఆ కబురు అన్నిటికీ చేరుతుంది. మార్కెట్ యార్డు వేలంలో పాడిన ధర అందరూ వింటారు కనుక, తర్వాత ఒకడు మార్చి చెబితే మిగతావాళ్లు ఒప్పుకోరు; ఇదీ అంతే. వచ్చిన లావాదేవీలను కట్టలు కట్టి లెక్కలో చేర్చడానికి మైనర్లనేవాళ్లు కంప్యూటర్లతో పోటీపడతారు. ప్రతి కట్టా దాని ముందు కట్టకు ముడిపడి ఉంటుంది కనుక పాతది దిద్దడం దాదాపు అసాధ్యం. కట్టలో చోటు తక్కువ, ఫీజు ఎక్కువ ఇచ్చినవాళ్లది ముందు ఎక్కుతుంది.

ఫీజు ఎంత పెట్టావని అడిగాను. యాప్ చూపిన రేటును తగ్గించి తగ్గించి అట్టడుగుకు తెచ్చాడట.

"చెప్పిన రేటుకు ఎవడిస్తడు సార్? బేరం చెయ్యకుంటే ఇంట్ల నవ్వుతరు."

నాకు నవ్వాగలేదు. అవతల బేరానికి దిగే మనిషే లేడు. తక్కువ ఇచ్చావని కోప్పడరు, వరుసలో చివర ఉంచుతారు, అంతే. సొమ్ము ఎక్కడికీ పోలేదని చెప్పినా లింబాద్రి కుదుటపడలేదు. గొంతు తగ్గించి అన్నాడు:

"జర మీరు ఫోన్ చేసి చెప్పరాదు సార్, మనోడని?"

ఎవరికి చేయను?

బిట్‌కాయిన్‌తో మా బ్యాంకుకు సంబంధం లేదు కనుక అతని ఫోన్ నేను ముట్టుకోలేదు. పక్కన కూర్చుని, ఫీజు పెంచి మళ్లీ పంపే ఏర్పాటు యాప్‌లో ఎక్కడుందో వెతికించాను. పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టి నొక్కాడు. మధ్యాహ్నానికి అది కట్టలోకి ఎక్కింది, కౌంటర్ మూసేలోపు రూపాయలు ఖాతాలో పడ్డాయి. డీలరుకు సొమ్ము పంపే ఫారం నేనే దగ్గరుండి చూసుకున్నాను. నాకు చాలా సంతోషమైంది.

మరుసటి వారం పసుపు అంటిన చేతులతో వచ్చి బాయిలర్ నడుస్తోందని చెప్పాడు. ఆ వెంటనే మా ఎస్సెమ్మెస్ చార్జీల మీద బేరం మొదలుపెట్టాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాను.

నడుమ మనిషి లేకపోతే లెక్క మార్చేవాడూ ఉండడు, జర చూడమంటే చూసేవాడూ ఉండడు. ఇన్నేళ్లూ నాకు జీతం వచ్చింది ఎక్కువగా ఆ రెండో పనికేనని ఆ రోజు తెలిసింది.