దానికి ముందు జరిగింది

ఈ ఉదయం పాలు తెచ్చుకుని వస్తుంటే వీధి మలుపులో ఒక బూతుమాట గట్టిగా వినిపించింది. చూస్తే ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. సైకిలు చైను ఊడిపోయి, చేతులకు నల్లటి జిడ్డు అంటుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల వయసులో రోజుకు పదిసార్లు అనేదాన్ని. మానిపించింది రత్నమ్మ టీచరు గారు.

మాది పులికాటు సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాళెం. అవి పంతొమ్మిదివందల అరవైల మొదటి సంవత్సరాలు. వల లాగేటప్పుడు, కూర అడుగంటినప్పుడు, చివరికి పసిబిడ్డను ముద్దు చేసేటప్పుడు కూడా మావాళ్ల నోట బూతే వచ్చేది. మా నాయన పోలయ్య అందులో అందరికంటే మొనగాడు. రత్నమ్మ గారు సూళ్లూరుపేట నుంచి వచ్చి బడి వెనక గదిలో ఉండేవారు. ఆమెకు ముందున్న మాస్టరు బూతులాడిన పిల్లల నాలుక మీద మిరప్పొడి వేసేవారు. మంట తగ్గగానే మేం ఆయన్నే తిట్టేవాళ్లం.

ఒకరోజు రంగమ్మ అనే పిల్ల నా చోట్లో కూర్చుంటే నేను నోరు విప్పాను. టీచరు గారు ఒకవైపు వాడేసిన కాగితాలు కుట్టిన పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టారు.

"ఆ మాట ఇందులో రాయొద్దు. దానికి ముందు ఏం జరిగిందో రాయి."

"ఏం జరగలా టీచర్. ఇది నా చోట్లో కూర్చునింది."

"అదే రాయి."

"అంతేనా? కొట్టరా?"

"రాయను వచ్చినదానివి, నిన్ను కొట్టేదెందుకుమే?"

నోరు జారిన ప్రతిసారీ ఒక వరుస రాయాలి. పలక పగిలింది. అమ్మ తమ్ముడికే రెండు చేపలు వేసింది. నాయన ఖాళీ వలతో వచ్చినాడు, అమ్మను తిట్టినాడు, నేను తమ్ముడిని తిట్టినాను. నెల తిరిగేసరికి రోజుకు పది వరుసలు మూడయ్యాయి. కారణం రాయాలని గుర్తొస్తే, దాన్ని వెతకడంలోనే సగం కోపం పోయేది.

ఆ పుస్తకం నాయన కంటపడింది. ఆయనకు చదువు రాదు. టీకొట్టుకు తీసుకెళ్లి, అక్కడ ఒకాయన చేత చదివించుకున్నాడు. ఖాళీ వల సంగతి రాగానే బెంచీ మీద వాళ్లంతా నవ్వారట. మర్నాడు పొద్దున్నే నాయన ఆ పుస్తకం పట్టుకుని బడికి వచ్చాడు.

"నా కొంపలో సంగతులు నీకెందుకు టీచరమ్మా? నా బిడ్డ ఇంక బడికి రాదు!" అన్నాడు. ఈ రెండు మాటల మధ్య తనకు తెలిసిన బూతులన్నీ వాడాడు. నా జబ్బ పట్టుకుని లేపాడు. మా పాళెంలో బడి మానిన ఆడపిల్ల తిరిగి రావడం నేనెన్నడూ చూడలేదు. గుమ్మం దాటితే నా చదువు అయిపోయినట్టేనని నాకు తెలుసు.

టీచరు గారు గుమ్మంలో నిలబడ్డారు. "తీసుకుపో పోలయ్యా, నీ బిడ్డే. ఒక్కటి చెప్పి పో. టీకొట్టు దగ్గర ఏం జరిగింది?"

"ఏం జరగలా."

ఆమె కదల్లేదు. నాయన నేలచూపులు చూశాడు.

"ఊరంతా విన్నాకే నా బిడ్డ ఏం రాసిందో నాకు తెలిసింది. నవ్వినారు. నాకు చదవను రాదు కదమ్మా."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"రాయి," అన్నారు టీచరు గారు నాతో. నాయన చేతిలోని పుస్తకం తీసుకుని రాశాను.

"ఏం రాసినావుమే?" అన్నాడు నాయన.

"నాయనకు చదవను రాదు. అందరూ నవ్వినారు," అని చదివాను.

నాయన నా జబ్బ వదిలేశాడు. "ఇంక మీదట ఇది ఏం రాసినా ముందు నాకు చదవమని చెప్పు టీచరమ్మా," అని వెళ్లిపోయాడు.

నీళ్ల మీద ఆయన నోరు ఎప్పటికీ మారలేదు. ఇంట్లో మాత్రం మాట పెదవి దాకా వచ్చి ఆగేది. "రాసుకోమే! పీత కరిచింది!" అని అరిచేవాడు. అమ్మ కడుపు పట్టుకుని నవ్వేది.

ఆ ఉదయం నాయన వెళ్లాక టీచరు గారి చేతిలోంచి సుద్దముక్క జారిపడింది. ఆమె నా పుస్తకం అడిగి తీసుకుని ఏదో రాసి ఇచ్చారు. ఆ వరుస ఇప్పటికీ నా దగ్గర ఉంది: "ఈ రోజు నాకూ ఒక మాట నోటి దాకా వచ్చింది. ముందు జరిగింది: భయమేసింది."

ఆ పుస్తకం తరువాత యాభైకి పైగా డైరీలు నింపాను. తాలూకా ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ, నా పిల్లలను పెంచినన్నాళ్లూ ఆమె పద్ధతే పాటించాను. అది సరైనదనడంలో నాకు ఏ సందేహమూ లేదు. తప్పు అని మాత్రమే చెబితే పిల్లలు ఆ మాటను మనకు వినపడనంత దూరంలో అంటారు. ఏం జరిగిందని అడిగితే మన దగ్గరికి వస్తారు.

ఈ ఉదయం పాలగిన్నె అరుగు మీద పెట్టి ఆ పిల్లవాడి సైకిలు పక్కన కూర్చున్నాను.

"ఏం జరిగింది అబ్బయ్యా?"

"చైను పడింది." మలుపు అవతల ఆడుకుంటున్న పిల్లలను చూపించాడు. "మూడోసారి. వాళ్లు నవ్వినారు."

ఇద్దరం కలిసి చైను ఎక్కించాం. ఇంటికి వచ్చి ఇవాళ్టి పేజీలో ఆ రెండు సంగతులే రాశాను. పేజీ అంచున నల్లటి వేలిముద్ర పడింది.