కళ్ళు మావి, మిగతాదంతా మీ ఇష్టం

ఆ రోజుల్లో ప్రపంచంలో నాకు తెలియని విషయం ఏదీ లేదని నా గట్టి నమ్మకం. పెళ్ళయి, కూతురు పుట్టి, బహ్రెయిన్‌లో ఫ్యామిలీ వీసా కూడా చేతికొచ్చిన మగవాడికి ఆ మాత్రం నమ్మకం లేకపోతే ఎలా? (మా జగిత్యాల వైపు చుట్టాలకు మాత్రం నేను దుబాయిలోనే ఉన్నాను. బహ్రెయిన్ వేరే దేశమని ఎంత చెప్పినా "ఆఁ, గదే, దుబాయిల బహ్రెయిన్" అని సరిపెట్టుకునేవాళ్ళు.) సల్మాబాద్‌లో ఒక స్పెయిన్ కంపెనీ గోదాములో నాకు స్టోర్‌కీపర్ ఉద్యోగం. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటుకు కావలసిన పైపులు, వాల్వులు, బోల్టులు నా చేతి మీదుగా పోతుండేవి. మా ఆవిడ సల్మానియాలో పెద్దాసుపత్రి నర్సు. నయీమ్‌లో పాత బిల్డింగులో రెండు గదుల కాపురం. అన్నీ అమరాయి గానీ, పిల్లను ఏ బళ్ళో వేయాలన్నదే తేలలేదు.

అప్పుడు తెలిసింది, మా కంపెనీవాళ్ళు తమ దేశం నుంచి వచ్చిన ఇంజనీర్ల పిల్లల కోసం ఒక విల్లాలో చిన్న బడి నడుపుతున్నారని, కంపెనీలో పనిచేసే ఎవరి పిల్లలకైనా అందులో ఫీజు లేకుండా సీటు ఇస్తారని. ఫీజు లేదన్న మాట చెవిన పడగానే మా పిల్లకు స్పానిష్ చదువంటే ప్రాణమన్న సంగతి నాకు అర్థమైపోయింది. మా ఆవిడ మాత్రం ఆ భాష మనకు రాదు కదా, హోంవర్క్ ఎవరు చేయిస్తారని అడ్డం పడింది. భాషదేముంది, అరబ్బీ రాకుండా అరబ్బుల దేశంలో బతకడం లేదా అని నేను ఒక్క మాటతో కొట్టిపారేశాను.

ఆ బడి పద్ధతులు ఒక్కొక్కటే తెలుస్తుంటే నా తెలివి ఒక్కొక్క మెట్టే దిగడం మొదలుపెట్టింది. మొదటిది, అక్కడ ఒక సంవత్సరంలో పుట్టిన పిల్లలందరిదీ ఒకే తరగతి. మా పిల్ల డిసెంబరు చివరలో పుట్టింది. ఇంకా మూడేళ్ళు కూడా నిండని నా బిడ్డను జనవరిలో పుట్టిన పోతరాజుల పక్కన కూర్చోబెట్టారు. రెండోది, పిల్ల పేరు వెనక తండ్రి ఇంటిపేరుతో పాటు తల్లి పుట్టింటి పేరూ ఉండాలన్నారు. ఆ రోజంతా మా ఆవిడ ఆనందం చూడాల్సిందే. "చూసినవా, బుద్ధిమంతులంటే గట్లుంటరు" అని వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ నాకు వినిపిస్తూనే ఉంది. మూడోది, రాత లేదు, పలక లేదు, హోంవర్క్ లేదు, పరీక్ష లేదు, ర్యాంకు అసలే లేదు. మరి ఎవరు ఫస్టో ఎట్లా తెలుస్తుందని ఆఫీసులో అడిగితే, ఎందుకు తెలియాలి అని వాళ్ళే నన్ను ఎదురు అడిగారు. ఇది పద్ధతిగల బడి కాదేమోనన్న అనుమానం నాకు అప్పుడే కలిగింది.

అన్నిటికన్నా విచిత్రం, మొదటివారం పిల్లలు "అలవాటు పడే" వారమట. మొదటి రోజు ఒక గంటే బడి. తర్వాత రోజుకు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు. మా ఊళ్ళో అలవాటు పడడమంటే, ఏడ్చే పిల్లను సార్ చేతిలో పెట్టి తల్లిదండ్రులు వెనక్కి చూడకుండా పరుగెత్తడం. పిల్ల అక్కడే ఏడ్చి, అక్కడే నిద్రపోయి, లేచేసరికి అలవాటు పడిపోయేది. నేనూ అట్లాగే అలవాటు పడ్డాను. పెద్దగా చెడిపోయిందేమీ లేదు (మా ఆవిడ దీన్ని ఒప్పుకోదు).

మొదటి రోజు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, ఒక మిఠాయి డబ్బా పట్టుకుని, పిల్లను ఎత్తుకుని వెళ్ళాను. మా ఆవిడకు డ్యూటీ ఉండి రాలేదు. అది నా దురదృష్టం. టీచరమ్మ తాటిచెట్టంత పొడుగు మనిషి. పిల్లతో మాట్లాడడానికి అంత ఎత్తునుంచీ దిగి మోకాళ్ళ మీద కూర్చుంది. తనను పేరుపెట్టి పిలవమంది. గురువును పేరుపెట్టి పిలవడమా? నేను చెంపలేసుకున్నంత పనిచేసి "మేడమ్" అనే అన్నాను. ఇక పిల్లను అప్పజెప్పాలి. అప్పజెప్పడానికి మనకొక మాట ఉంది కదా. నన్ను బళ్ళో వేసిన రోజు మా బాపు అన్న మాట, ఆయన్ను వేసినప్పుడు మా తాత అని ఉండే మాట. ఆ మాట అనకుండా పిల్లను వదిలేస్తే గురువుకు మర్యాద చేసినట్టు కాదు. చేతులు జోడించి నాకొచ్చిన ఇంగ్లీషులో అన్నాను, "మేడమ్, రెండు కళ్ళు మాత్రం వదిలెయ్యండి. మిగతాదంతా మీ ఇష్టం."

ఆవిడకు అర్థమైనట్టు లేదు. పాపం పరాయి దేశం మనిషి కదా అని, అరచెయ్యి గాల్లోకి లేపి రెండు దెబ్బలు కొట్టి చూపించి, "నో ప్రాబ్లమ్" అని కూడా చేర్చాను. ఆవిడ ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. పిల్లను దగ్గరకు లాక్కుంది. నాకు చాలా సంతోషమేసింది. చూశావా, ఒక్క మాటతో ఎంత బాధ్యత పుట్టిందో అనుకుంటూ గోదాముకు వెళ్ళిపోయాను.

మర్నాడు బడి నుంచి ఫోను. తల్లిదండ్రులిద్దరూ రావాలన్నారు. బళ్ళో చేరిన రెండోరోజే పిలిచారంటే పిల్ల తెలివి బయటపడి ఉండాలి, బహుశా పై తరగతిలో వేస్తామంటారు కాబోలు అని గోదాములో అందరికీ చెప్పాను. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సిరిసిల్ల తమ్ముడైతే నా డబ్బులతోనే నాకు చాయ్ తాగించాడు.

వెళ్ళేసరికి ఆ గదిలో ముగ్గురున్నారు. పొడుగు టీచరమ్మ, పిల్లల మనసులు కనిపెట్టే ఉద్యోగం చేసే కళ్ళజోడావిడ, ఆఫీసు వ్యవహారాలు చూసే బహ్రెయినీ పెద్దాయన. ఆయన్ని అందరూ హాజీ అనేవారు. బల్ల మీద కళ్ళు తుడుచుకునే కాగితాల డబ్బా ఒకటి పెట్టి ఉంది. అది చూసైనా నాకు బుద్ధి రావలసింది. కళ్ళజోడావిడ చాలా మెత్తగా, ఇంట్లో పిల్ల మాట వినకపోతే ఏం చేస్తారని అడిగింది. నిజం చెప్పాలంటే ఏమీ చేయను. పిల్ల అలిగితే నేనే గుర్రమయ్యి గదంతా తిరుగుతాను. కానీ గురువుల ముందు ఆ మాట చెప్పుకుంటే పరువేముంటుంది? తండ్రన్నాక కాస్త గాంభీర్యం ఉండాలి. మా ఇంట్లో చాలా క్రమశిక్షణ అనీ, నేను కన్నెర్ర చేస్తే పిల్ల వణికిపోతుందనీ, మొక్కగా ఉన్నప్పుడే వంచకపోతే మానయ్యాక వంగదనీ చెప్పుకుపోయాను. మా ఆవిడ నా వైపు ఎవడీ మనిషి అన్నట్టు చూసింది. కళ్ళజోడావిడ మాత్రం కాగితాల డబ్బా నా వైపు కొద్దిగా జరిపింది. పిల్లలను కొట్టే ఇల్లని అనుమానమొస్తే తాము ఊరుకోకూడదనీ, కంపెనీ పెద్దలకూ, పిల్లల రక్షణ చూసే సర్కారువాళ్ళకూ చెప్పాలనీ, అది తేలేదాకా సీటు సంగతి కూడా చెప్పలేమనీ అంది.

సీటు పోతే పోయింది, నా బిడ్డను నేను కొడతానని ఈ మనుషులు నమ్ముతున్నారు. ఆ మాట తలుచుకోగానే ఉన్న నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఎగిరిపోయాయి. మా ఆవిడే అందుకుంది. ఈయన కొట్టడమా, పిల్లకు సూది వేయించిన రోజు నాతో మాట్లాడడం మానేసిన మనిషి, నేను పిల్ల చెవి మెలిపెడితే తాను అన్నం మానేస్తాడు అని నర్సుల ఇంగ్లీషులో గడగడా చెప్పింది. మరి ఆ కళ్ళ మాటేమిటని టీచరమ్మ అడిగింది. సామెతకు నర్సుల ఇంగ్లీషు సరిపోక మా ఆవిడ నా వైపు తిరిగింది. "నీకెందుకు బుట్టిందయ్యా గా బుద్ధి?" అంది నాతో, నెమ్మదిగా.

అంతవరకూ మూలన తస్బీ పూసలు తిప్పుకుంటున్న హాజీ, నేను అసలేమన్నానో హిందీలో మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన ముందు గడ్డం దువ్వుకున్నాడు, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. తనను ఖురాన్ చదువుకు పంపిన రోజు వాళ్ళ నాన్న ముల్లాతో "మాంసం నీది, ఎముకలు మావి" అన్నాడట. అరబ్బులందరూ అనే మాటేనట. టీచరమ్మ వైపు తిరిగి ఆయన ఇంగ్లీషులో అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే. "అది కొట్టమని చెప్పడం కాదమ్మా. ఈరోజు నుంచి ఈ పిల్ల నీకూ పిల్లే అని చెప్పడం."

టీచరమ్మ కొంచెం సిగ్గుపడుతూ, చదువు నెత్తురుతో కలిస్తేనే ఒంటికెక్కుతుందని తమ దేశంలోనూ ఒక పాత సామెత ఉందనీ, తన నాయనమ్మ దాన్ని రోజూ వల్లించేదనీ ఒప్పుకుంది. అయితే వీళ్ళు కళ్ళు దాచుకున్నారు, మేము ఎముకలు దాచుకున్నాం, మీవాళ్ళు ఏదీ దాచుకోలేదన్నమాట అని హాజీ లెక్క తేల్చాడు. గదిలో నవ్వనిది ఒక్క కళ్ళజోడావిడే. సామెతలు సామెతలే, నేను నా కళ్ళతో చూడాలి, తండ్రి రేపు పొద్దున వచ్చి పిల్లతో పాటు తరగతిలో కూర్చోవాలి అంది.

కూర్చున్నాను. నా మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీ. ఎట్లా ఉంటే పిల్లను కొట్టని తండ్రిలా కనిపిస్తానో తెలియక బిగుసుకుపోయాను. మా పిల్లకు అవేం పట్టలేదు. తన రాజ్యానికి వచ్చిన కొత్తవాణ్ణి దారిలో పెట్టే పని తన మీద పడిందనుకుంది. నడుము మీద చేతులు పెట్టుకుని, "నాన్నా, గట్ల గూసోవద్దు. చేతులు గట్టుకో. బొమ్మ గియ్యి" అని తెలుగులో ఆర్డరు వేసింది. నేను చేతులు కట్టుకున్నాను. చేతులు కట్టుకుంటే బొమ్మ ఎట్లా గీయాలని అడిగితే నోటిమీద వేలు పెట్టుకోమంది. పెట్టుకున్నాను. భాష రాకపోయినా తరగతి తరగతంతా ఈ నాటకం అర్థమై విరగబడి నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ కళ్ళజోడావిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, ఆ ఇంట్లో ఎవరికి ఎవరు భయపడతారో తేలిపోయింది, సీటుకేమీ ఢోకా లేదు అంది. అంత సేపటికి నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఊపిరి వచ్చాక బొమ్మ కూడా వచ్చింది. ఏం గీయాలో తెలియక రోజూ చూసే వాల్వునే గీశాను, చక్రంతో, అంచుల బోల్టులతో సహా. పొడుగు టీచరమ్మ నా పక్కన కూడా మోకాళ్ళ మీద కూర్చుంది. బొమ్మను చాలాసేపు చూసి, చాలా బాగుందని చెప్పి, పిల్లలందరికీ వేసినట్టే నా కుడిచేతి మీద కూడా ఊదారంగు నవ్వుముఖం ముద్ర వేసింది. పదేళ్ళు బళ్ళో చదువుకున్నాను. నా చేతి మీద బెత్తం పడింది, డస్టర్ పడింది, ఒకసారి గొడుగు కూడా పడింది. బాగుందన్న మాట పడడం అదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దుమ్మేదో పడిందని పిల్లకు చెప్పాను.

మధ్యాహ్నం గోదాములో అన్నం దగ్గర కూర్చుంటే కొత్త చిక్కు వచ్చింది. అన్నం కలిపితే చెయ్యి కడగాలి, కడిగితే ముద్ర పోతుంది. క్యాంటీన్ నుంచి చెంచా తెప్పించుకుని పప్పన్నం తినడం మొదలుపెట్టాను. పుట్టి బుద్ధెరిగి నేను చెంచాతో అన్నం తిన్నది లేదు, సగం చొక్కా మీదే పడింది. సిరిసిల్ల తమ్ముడు నన్నూ చెంచానూ మార్చి మార్చి చూసి, "ఏందన్నా, పిల్లను బళ్ళేసి నువ్వు స్పెయినోనివైనవా?" అన్నాడు. నేను ముద్ర ఉన్న చెయ్యి బల్ల కిందకు దాచుకున్నాను. ఇప్పుడు మా పిల్ల స్పానిష్‌లో నన్ను తిడుతుంది, నాకు అర్థం కాదు. ర్యాంకుల సంగతి నేనూ అడగడం మానేశాను. కానీ చొక్కా నిండా పప్పు పోసుకుని, ఎవరైనా నీళ్ళ గ్లాసు తెస్తే ఉలిక్కిపడుతూ కూర్చున్న ఆ కుర్రతండ్రి గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తాడు. పాపం, రెండు రోజులు అట్లాగే తిన్నాడు.