బూడిద నీళ్ల పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని మొన్న సోమవారం కోంట నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. ఏ పెద్దమ్మ అని అడిగాను. నాకు పెద్దమ్మ ఎవరో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఏడేళ్ల కిందట శబరి ఒడ్డున ఒక పల్లెలో బడి పెట్టమని సంస్థానం వాళ్లు నన్ను పంపినప్పుడు మా బడి వెనకింట్లో ఉండేది. ఊరందరి బట్టలూ ఉతికేది. మాట తక్కువ, నడక వేగం. తల్లి లేని మనవరాలిని రోజూ తనే తెచ్చి బడిలో కూర్చోబెట్టి, ‘దీనికి నాలుగు మాటలు రానీ పంతులయ్యా’ అని రేవుకు పోయేది.

ఆ నాలుగు మాటల్లో ఒకటి నా కొంప ముంచింది. ఆ రోజు పలక మీద ‘ఆమ్లానికి విరుగుడు క్షారం’ అని రాసి, పిల్లల చేత పదిసార్లు అనిపించాను. సగం మంది ఇళ్లలో దోర్లీ, కొందరి ఇళ్లలో హల్బీ మాట్లాడతారు. అందరూ హాయిగా ‘కారం, కారం’ అన్నారు. నేను దిద్దలేదు. కంసాలి దగ్గర అడిగి తెచ్చిన తేజాబు అనే ఆమ్లం సీసా మూత తీసి, సున్నపురాయి మీద చుక్క వేస్తే ఎలా పొంగుతుందో చూపించబోయాను. సీసా జారింది. ముందు కూర్చున్న పెద్దమ్మ మనవరాలి చేతి మీద పడింది.

‘నీళ్లు! క్షారం! క్షారం తెండి!’ అని అరిచాను. పక్కింటికి పరుగెత్తిన పిల్ల ఒకతె దోసిలి నిండా మిరపపొడి తెచ్చి, నేను చూసేలోపే ఆ చేతి మీద పోసింది.

ఆ కేక రేవు దాకా వినిపించింది. పెద్దమ్మ తడిసిన తెల్లచీరతోనే వచ్చింది. ఏమైందని అడగలేదు. పిల్లను ఎత్తుకుని శబరిలోకి దిగి, పారే నీళ్లలో ఆ చేతిని పట్టుకుని నిలబడింది. నేను గట్టు మీద నుంచి, ‘పెద్దమ్మా, నీ బానలో బూడిద తేట ఉంది కదా, అది చేతి మీద పోయ్! అదే క్షారం!’ అని బతిమాలాను.

‘అది సుత కాలుస్తది పంతులయ్యా. నా చేతులు సూడు’ అంది, వెనక్కి తిరగకుండానే. తరవాత చూశాను. ఆ అరచేతుల్లో గీతలు లేవు. క్షారం గురించి పుస్తకంలో చదివిన నాకు ఆ సంగతి తెలియదు.

పొద్దు వాలేదాకా ఆమె నీళ్లలోంచి కదల్లేదు. చేయి దక్కింది. వేళ్లు కదిలాయి.

నాలుగో రోజు పెద్దమ్మ బడికి వచ్చింది. ఊరి పెద్దలను వెంట తెస్తుందనుకున్నాను. ఒక్కతే వచ్చింది, మనవరాలినీ ఒక ముంతనూ తీసుకుని. పిల్లను దాని చోట కూర్చోబెట్టి, ముంత మధ్యలో పెట్టి తనూ కింద కూర్చుంది.

‘ఆ దినం మీ పంతులు అడిగిన కారం ఇది. కట్టెల బూడిద గుడ్డల పోసి, నీళ్లు పోస్తే దిగుతది. ఏలు పెట్టుండ్రి. జారుతది సూడు. ఇంక కడుక్కోండ్రి, బేగి.’ కొంగులోంచి పసుపు రాసిన గుడ్డ ఒకటి తీసి అందులో ముంచింది. గుడ్డ ఎర్రగా మారింది. పిల్లలు కేరింతలు కొట్టారు. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుప్పచ్చ అయింది. ఆ మార్పు పుస్తకంలో చదివానే గాని కళ్లతో చూడడం నాకూ అదే మొదటిసారి.

‘కూరల ఏసేదీ కారమే, బట్టలకేసేదీ కారమే. ఏ కారమని అడగాల గదా బిడ్డా’ అంది, మిరపపొడి తెచ్చిన పిల్ల తల నిమురుతూ. అడగవలసిందెవరో, చెప్పవలసిందెవరో నాకు తెలుసు.

ఆమె లేచాక వెంట వెళ్లి, ‘నన్ను క్షమించావా పెద్దమ్మా?’ అన్నాను. ‘తడి బట్టలున్నయి, పోవాల’ అంది. ఆ మాటకు అర్థం అవునో కాదో ఇప్పటికీ తెలియదు. తరవాత నాలుగేళ్లు నా బట్టలు ఉతికింది, పిల్లను బడి మాన్పించలేదు. అది క్షమించడమేనా? లేక పిల్లకు మాటలు కావాలి గనక నన్ను ఓర్చుకుందా? సుక్మాకు బదిలీ అయి వచ్చేటప్పుడు మళ్లీ అడుగుదామనుకుని అడగలేకపోయాను.

కబురు విని బయలుదేరి, మూడో రోజుకు ఆ ఊరు చేరాను. ఆమె ఉతికిన ఆఖరి మూటలు వాకిట్లో అలాగే ఉన్నాయి. ఏ బట్ట ఎవరిదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదట. ఊరంతా చేరింది. మనవరాలు ఒక్కొక్క గుడ్డా విప్పి రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ‘ఇది ఎవరిది?’ అని ముందు తెలుగులో, తరవాత దోర్లీలో, తరవాత హల్బీలో అడుగుతోంది. ఎవరో ఒకరు ముందుకొచ్చి తీసుకుపోతున్నారు. చివర ఒక తెల్లచీర మిగిలింది. మూడు భాషల్లోనూ అడిగింది. ఎవరూ కదల్లేదు. అది ఎవరిదో అప్పుడు తట్టినట్టుంది, మరి అడగలేదు. దించనూ లేదు.