రంగమ్మ పిన్ని మెచ్చుకున్న పట్టీ

ఈ రోజు మా పట్టీని ఒకావిడ తెగ మెచ్చుకుంది. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

విజయవాడలో నలుగురం కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ మాది. రాత్రంతా చేతికి కట్టుకుంటే బీపీ చూసే పట్టీ తయారు చేస్తున్నాం. ఆరోగ్య పరికరాల పరిశోధనకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు రాకపోతే కంపెనీ మూసుకోవడమే. అది ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఇద్దరు అధికారులు ఈ రోజు కంకిపాడు వచ్చి, మా పట్టీ వాడి చూస్తున్న రంగమ్మ పిన్నిని కలిశారు. పిన్ని నాకు చుట్టం కాదు. వాళ్ళింటికి వెళ్తూ వస్తూ ఉంటే వరస కలిసిందంతే.

"కట్టుకుంటే ఇబ్బందేమైనా ఉందా అండీ?" అని అడిగారు అధికారులు.

"అబ్బే, ఉన్నట్టే తెలీదండీ. ముందు మజ్జిగ తాగండి," అంది పిన్ని.

వాళ్ళు ఆ మాటే రాసుకుని లేచారు. కారు కదలగానే పిన్ని జాకెట్టు చెయ్యి పైకి జరిపి గోక్కుంది. పట్టీ కట్టిన చోటంతా కందిపోయి పొక్కులు లేచాయి.

"ఇదేంటి పిన్నీ, వాళ్ళకు చెప్పలేదేం?"

"బయటివాళ్ళ ముందు మన పిల్ల చేసినదానికి వంక పెడతానా? ఊరుకో."

ఊరుకున్నాను. కారు ఇంకా సందు చివరే ఉంది, పిలిస్తే ఆగేది. పిలవలేదు.

కొబ్బరినూనె రాస్తుంటే పిన్ని రెండో చెయ్యి చాపి, "ఈ రాత్రికి దీనికి కట్టు," అంది.

పట్టీ బ్యాగులో వేసుకుని వచ్చేశాను. ఆ అధికారుల్లో ఒకాయన నంబరు నా ఫోన్‌లోనే ఉంది. చేయాలని నాకూ తెలుసు, కాబట్టి నీతులు వద్దు. ఆయన ఫోన్ ఎత్తగానే మొదటి మాట ఏమనాలో మాత్రం ఎవరైనా చెప్పండి.